పేకిచ్‌ని మీ గొడవలోకి లాక్కండి

మొన్నామధ్య మా ఇంజినీరింగు బ్యాచి వాట్సాప్ గుంపులో నెలకోసారి జరిగే యుద్ధం మళ్ళీ జరిగింది. ఎక్కడో ఎలక్షన్ల దగ్గర మొదలై, చైనా మీదుగా, స్టాలిన్ దాకా పోయింది. ఒకాయన ఒక బొమ్మ అతికించాడు. పైన పెద్దక్షరాలతో "కమ్యూనిస్టులు జైల్లో పెట్టిన రచయితలు". కింద ఓ డజను ఫోటోలు. సోల్జెనిత్సిన్ ఎలాగూ ఉంటాడు. మూడో వరసలో మందపాటి కళ్ళద్దాలతో బక్కపల్చటి మనిషి ఒకడు. కింద "బొరిస్లావ్ పేకిచ్, యుగోస్లావియా, 15 ఏళ్ళు" అని రాసుంది.

అవతలి పక్షం ఊరుకుంటుందా? ఇంకొకాయన ఐదు నిమిషాల్లో గూగుల్ కొట్టి, "వీడా? రాజుగారి కాలపు ఆఫీసరు కొడుకు. లండన్ పారిపోయి బీబీసీలో సొంత దేశాన్ని తిట్టినవాడు" అని తేల్చేశాడు.

నేను ఒక్క ముక్క అడిగాను. "ఇద్దరిలో ఎవరైనా ఆయన పుస్తకం ఒక్కటైనా చదివారా?"

బొమ్మ పెట్టినాయన: "చదవక్కర్లేదు బాసూ, 15 ఏళ్ళు వేశారు, అది చాలదా?" తిట్టినాయన: "టైమెక్కడిది అన్నా, స్ప్రింట్ నడుస్తోంది."

అప్పట్నుంచీ నాకు మండుతూనే ఉంది. ఆ మంటే ఈ టపా. ముందే చెప్తున్నాను, ఇక్కడ ఎడమకీ కుడికీ మధ్య తక్కెడ పట్టుకుని తూచే పని నేను పెట్టుకోలేదు. "రెండువైపులా తప్పుంది" అనే మాట నాకు ఒళ్ళుమంట. నా గొడవ ఆ రెండు పక్షాలతో కాదు. "మా పని మేం చేసుకుంటాం, మాకు ఏ పాపం అంటదు" అనుకునే మూడో పక్షంతో, అంటే మనతో. పేకిచ్ జీవితాంతం రాసింది ఈ మూడో పక్షం గురించే. ఆయన్ని డజను ఫోటోల్లో ఒక ఫోటో చేసేసి మనం తప్పించుకుంటున్నాం.

ముందు జైలు సంగతి తేల్చేద్దాం, అందరికీ కావల్సింది అదేగా.

పేకిచ్ 1930 ఫిబ్రవరి 4న పోద్గొరీత్సలో పుట్టాడు. తండ్రి రాజుగారి ప్రభుత్వంలో అధికారి, అది నిజమే. యుద్ధం అయ్యాక కుటుంబం బెల్‌గ్రేడ్‌లో ఉంది. 1948లో యుగోస్లావ్ ప్రజాస్వామిక యువజన సంఘం అనే రహస్య సంస్థలో సభ్యుడని పట్టుకున్నారు. అప్పటికి కుర్రాడికి 18 ఏళ్ళు. 15 ఏళ్ళ కఠిన శిక్ష వేశారు. స్రెమ్‌స్కా మిత్రోవిత్సలో, తరవాత నీష్‌లో ఉన్నాడు. క్షయ పట్టుకుంది. 1953లో క్షమాభిక్ష మీద వదిలేశారు. అంటే వేసింది 15, ఉన్నది ఐదేళ్ళు. బొమ్మలు తయారుచేసేవాళ్ళు ఈ రెండో అంకె వెయ్యరు. ఐదేళ్ళు తక్కువని కాదు, 18 నుంచి 23 దాకా క్షయతో సెల్లులో కూర్చోవటం ఏమిటో మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ల వయసు గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. కానీ అంకెని వాడుకునేవాడికి పెద్ద అంకె కావాలి, మనిషి అక్కర్లేదు.

ఇంకో తమాషా. ఆయన్ని పట్టుకున్నది 1948లో. అదే ఏడాది జూన్‌లో టిటోకీ స్టాలిన్‌కీ తెగిపోయింది. అంటే పేకిచ్‌ని లోపలేసినవాళ్ళు స్టాలిన్ని ఎదిరించినవాళ్ళు, ప్రపంచమంతా "భేష్" అన్నవాళ్ళు. స్టాలిన్ పక్షం అనుకున్నవాళ్ళనీ వాళ్ళే పట్టుకుని గోలీ ఓటొక్ దీవికి తోలారు. ఇక ఈయన ఉన్న మిత్రోవిత్స జైలు ఏది? యుద్ధానికి ముందు రాజుగారి పోలీసులు కమ్యూనిస్టుల్ని పెట్టిన జైలు. మోషా పియాదె అనే నాయకుడు మార్క్స్ 'పెట్టుబడి' అనువాదం చేసింది ఆ జైలు రోజుల్లోనే. ఆ జైల్లో కూర్చున్నవాళ్ళే బయటికొచ్చి ప్రభుత్వం అయ్యారు, అయి అదే జైలుకి తాళం వేశారు. దీన్ని "కమ్యూనిస్టులు చెడ్డవాళ్ళు" అనే నాలుగు మాటల్లోకి కుదించగలిగేవాడికి ఒక దండం.

మరి పేకిచ్ ఆ జైలుతో ఏం చేశాడు? బయటికి రాగానే సర్టిఫికెట్లా మెళ్ళో వేసుకుని తిరగలేదు. బెల్‌గ్రేడ్ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చదువుకోడానికి చేరాడు. తరవాత సినిమాలకి స్క్రీన్‌ప్లేలు రాశాడు, అదీ ఇరవైకి పైగా. అందులో ఒకటి, 'పద్నాలుగో రోజు', 1961లో కాన్ చిత్రోత్సవానికి యుగోస్లావియా తరఫున వెళ్ళింది. మొదటి నవల 1965లో వచ్చింది, అప్పటికి 35 ఏళ్ళు. జైలు జ్ఞాపకాలు, 'మిడతలు తిన్న సంవత్సరాలు' మూడు సంపుటాలు, 1987 నుంచి 1990 మధ్య వచ్చాయి. లెక్కేసుకోండి, పట్టుకున్న రోజుకీ ఆ పుస్తకానికీ మధ్య దాదాపు నలభై ఏళ్ళు. అందులోనైనా గుండెలు బాదుకున్నాడా? లేదు. ఒక మనుషుల గుంపుని గోడల మధ్య పడేస్తే అక్కడ ఏ రకం నాగరికత పుడుతుంది, ఎవడు పెద్దమనిషి అవుతాడు, ఏది డబ్బుగా చెలామణి అవుతుంది, ఎవడు ఎవణ్ణి ఎందుకు పట్టిస్తాడు అని ఒక శాస్త్రవేత్తలాగా రాసుకుంటూ పోయాడు. ఎక్కువ వెక్కిరించింది 18 ఏళ్ళ తననే.

మొదటి నవల సంగతి కొంచెం చెప్పాలి. పేరు 'అద్భుతాల కాలం'. ఏసుక్రీస్తు చేసిన అద్భుతాలని, ఆ అద్భుతం ఎవరి మీద జరిగిందో వాళ్ళ వైపు నుంచి చెప్తాడు. కుష్ఠు నయమైన ఒక స్త్రీ ఉంటుంది. నయమైంది కాబట్టి కుష్ఠురోగుల వాడలో ఉండనివ్వరు. ఒకప్పుడు రోగం ఉంది కాబట్టి ఊళ్ళోవాళ్ళు రానివ్వరు. ఇక లాజరు. చచ్చి బతికినవాడు కదా, ఒక పక్షం వాళ్ళకి అతను బతికుంటే సాక్ష్యం, ఇంకో పక్షానికి చస్తే సాక్ష్యం. వాళ్ళు చంపటం, వీళ్ళు లేపటం. ఆ మనిషికి ఏం కావాలో ఒక్కడూ అడగడు. చివరికి మళ్ళీ లేవకుండా కాల్చేస్తారు. అన్నిటికంటే నన్ను వణికించింది యూదా పాత్ర. అతను డబ్బుకి అమ్ముడుపోయినవాడు కాదు. లేఖనాల్లో ఏం రాసుందో అది తుచ తప్పకుండా జరిగి తీరాలని పట్టుబట్టేవాడు. ఆ జోస్యం ఇంకా నెరవేరలేదు, ఈ జోస్యం పెండింగు, పదండి పదండి అని గురువునే తోలేవాడు. చెక్‌లిస్టు పట్టుకున్న ప్రాజెక్టు మేనేజరన్నమాట. నమ్మకం ఉన్నవాళ్ళని ఈ పుస్తకం నొప్పించొచ్చు. కానీ అది మతం మీద వెటకారమని నేననుకోను. మనుషుల మంచి కోసమని బయల్దేరిన ఒక పెద్ద పథకంలో ఆ మనుషులే ఎలా ముడిసరుకు అయిపోతారో అన్నది దాని గొడవ. 1965లో బెల్‌గ్రేడ్‌లో అది చదివినవాళ్ళకి ఏ పథకం గురించో విడిగా చెప్పక్కర్లేదు.

1970లో 'ఆర్సెనియె నేగొవాన్ తీర్థయాత్ర' వచ్చింది, ఇంగ్లీషులో 'హౌసెస్ ఆఫ్ బెల్‌గ్రేడ్' పేరుతో దొరుకుతుంది. హైదరాబాదులో, బెంగుళూరులో ఫ్లాట్లు కొన్న ప్రతి ఒక్కడూ చదవాల్సిన పుస్తకం. ఆర్సెనియె పెద్ద ఇళ్ళ యజమాని. తన ఇళ్ళకి ఆడవాళ్ళ పేర్లు పెట్టుకుని ప్రేమిస్తాడు. 1941 మార్చి 27న వీధిలో జరిగిన గొడవలో చిక్కుకున్న దెబ్బకి భయపడి ఇంట్లో దూరిపోయి మళ్ళీ గడప దాటడు. కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో తన ఇళ్ళని చూసుకుంటూ ఉంటాడు. ఈలోపు యుద్ధం అయిపోయింది, ప్రభుత్వం మారింది, ఇళ్ళన్నీ జాతీయం చేసేశారు. భార్యా లాయరూ కలిసి ఆ సంగతి ఆయనకి తెలీకుండా దాస్తారు. 27 ఏళ్ళ తరవాత, 1968 జూన్‌లో ఆయన టోపీ పెట్టుకుని బయటికొస్తాడు. సరిగ్గా అప్పుడే వీధిలో విద్యార్థుల తిరుగుబాటు.

కమ్యూనిస్టుల జైల్లో ఉన్న మనిషి, ఆస్తి పోగొట్టుకున్న యజమాని మీద నవల రాస్తే ఏమవ్వాలి? మన వాట్సాప్ లెక్క ప్రకారం యజమాని పుణ్యాత్ముడు అవ్వాలి. పేకిచ్ దగ్గర అవ్వడు. ఆర్సెనియె మీద జాలేస్తుంది, కానీ ఇళ్ళలో మనుషులుంటారన్న సంగతే మర్చిపోయి గోడల్ని ప్రేమించిన మనిషిగానే కనిపిస్తాడు. ఇది చదివాక ఆయన్ని ఒక పక్షం బొమ్మలో అతికించటం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు. చదవకపోతే మాత్రం సులువే.

ఆ నవలకి ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద నవలా బహుమతి, నిన్ అవార్డు, వచ్చింది. అదే సమయంలో ఆయన దేశం విడిచి వెళ్ళబోతే పాస్‌పోర్టు దగ్గర అడ్డం పడ్డారు. ఒక చేత్తో బహుమతి, ఇంకో చేత్తో పాస్‌పోర్టు మీద తాళం! 1971లో చివరికి లండన్ చేరాడు. "పారిపోయాడు" అంటున్నాడే మనవాడు, పారిపోయినవాడు పాస్‌పోర్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడు. వెళ్ళాక కొన్నేళ్ళు స్వదేశంలో ఆయన పుస్తకాలు అచ్చు కాకుండా చూశారు.

ఇప్పుడు అసలు పుస్తకం. 'పిశాచాన్ని శాంతింపజేయటం ఎలా'. 1977లో దీన్ని పేరు తెలియకుండా పంపే ఒక నవలల పోటీకి పంపాడు. యుగోస్లావ్ ప్రచురణకర్తల సంఘం పెట్టిన పోటీ. మొదటి బహుమతి వచ్చింది, అచ్చయింది. ఎవరు రాశారో తెలిసుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

కథ ఇది. కొన్‌రాడ్ రుట్కోవ్‌స్కీ జర్మనీలో చరిత్ర ప్రొఫెసరు. యుద్ధకాలంలో గెస్టపోలో అధికారి. 1965లో భార్యతో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి సెలవుల మీద వస్తాడు. 1943లో తను ఉద్యోగం చేసింది ఆ ఊళ్ళోనే. అక్కణ్ణుంచి బావమరిదికి ఉత్తరాలు రాస్తాడు, 26 ఉత్తరాలు. ఆ ఊళ్ళో అప్పట్లో ఒక మునిసిపల్ గుమస్తా ఉండేవాడు, పేరు ఆదామ్. ఒక గొడుగు, ఒక చిన్న ఉద్యోగం, అంతే ఆయన ఆస్తి. ఇటాలియన్లు లొంగిపోయి వెళ్ళిపోతూ జైలు కింది గదిలో ఈయన్ని మర్చిపోయారు. జర్మన్లు వచ్చేసరికి లోపల మనిషి ఉన్నాడు. జైల్లో ఉన్నాడు కాబట్టి నేరం చేసే ఉండాలి. రుట్కోవ్‌స్కీకి ఆయన అమాయకుడని తెలుసు. కాపాడాలనే చూస్తాడు. పైవాడికి ఎదురు చెప్పకుండా, ఉద్యోగం పోకుండా, పద్ధతి తప్పకుండా, లోపల్నుంచే ఎలాగో కాపాడాలని చూస్తాడు. ఆ కాపాడే ప్రయత్నమే ఒక్కో మెట్టూ గుమస్తాని ఉరికంబం దాకా తీసుకెళ్తుంది.

ఆ పై అధికారి స్టైన్‌బ్రెహర్ మనుషుల్ని ప్రశ్నించే తీరు చదువుతుంటే, ఇది గెస్టపో మీద పరిశోధన చేసి రాసింది కాదని తెలిసిపోతుంది. 18 ఏళ్ళప్పుడు తను కూర్చున్న కుర్చీకి ఎదురు కుర్చీని గుర్తుచేసుకుని రాసింది. అయితే గమనించండి, ఆయన కథ నడిపింది దెబ్బలు తిన్నవాడి గొంతుతో కాదు. దెబ్బలు కొట్టించే గదిలో కూర్చుని మనసులో బాధపడుతున్న చదువుకున్నవాడి గొంతుతో. ఆ ప్రొఫెసరు ఉత్తరాల్లో ప్రతిదానికీ ఒక తత్వవేత్త గ్రంథం పేరుంటుంది. యూరప్ తత్వశాస్త్రం అంతా తెలుసు. ఆ చదువంతా ఒక్కదానికే పనికొచ్చింది, తను చేసింది ఎందుకు తప్పు కాదో చెప్పుకోడానికి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ టపా రాసే అర్హత నాకు లేదు.

2009. మాంద్యం రోజులు. నేనున్న కంపెనీ పేరు అనవసరం. లోపలి రిపోర్టింగు టూల్ నా చేతిలో ఉండేది. ఒక శుక్రవారం సాయంత్రం ఒక రిపోర్టు కావాలన్నారు. బెంచి మీద ఎన్ని రోజులు, రెండేళ్ళ రేటింగులు, జీతం, బిల్లింగు. ఎందుకో చెప్పలేదు. ఎందుకో అందరికీ తెలుసు. క్వెరీ రాస్తే నలభై నిమిషాల పని. నడిపి చూస్తే పైన ఉన్న పేర్లలో నా పక్క క్యూబికల్‌లో కూర్చునే ఆవిడ ఉంది. మా అక్క వయసు, నేను చేరిన కొత్తలో పని నేర్పింది. ఆ ఏడాది ఆవిడకి పెద్ద ఆపరేషన్ అయ్యి నాలుగు నెలలు సెలవులో ఉంది. రేటింగు అందుకే పడింది, బెంచి రోజులు అందుకే ఎక్కువ.

నేను ఏం చేశాను? వెళ్ళి "ఇది తప్పు" అన్నానా? లేదు. ఇంటి లోను కొత్తగా మొదలైంది. తెలివైన పని చేశాననుకున్నాను. ఎవరూ అడగకపోయినా ఇంకో కాలమ్ కలిపాను, మెడికల్ లీవు రోజులు అని. చూసేవాళ్ళకి అర్థమవుతుంది, జాలిపడి పక్కన పెడతారు అని. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను కూడా, వ్యవస్థ లోపలుండి ఒక మంచి చేశానని.

సోమవారం ఆ ఫైలు తిరిగొచ్చింది. నేను కలిపిన కాలమ్ మీదే సార్ట్ చేసి ఉంది, ఎక్కువ నుంచి తక్కువకి. నా వల్ల ఆవిడ ఒక్కతే కాదు, అసలు లిస్టులోకి రావల్సిన అవసరం లేని ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా పైకొచ్చారు. ఎవరో ఒక్క లైను కూడా రాశారు: "ఈ ఫీల్డు బాగా ఉపయోగపడింది, థాంక్స్."

ఆవిడ వెళ్ళే రోజు నా డెస్కు దగ్గరికొచ్చి "జాగ్రత్తగా ఉండరా, నీ ఉద్యోగం చూసుకో" అంది. ఆవిడకి తెలీదు. ఇప్పటికీ తెలీదు.

ఆ ప్రొఫెసరు ఉత్తరాలు నేను చదివింది ఇది జరిగిన ఆరేళ్ళకి. సగంలో పుస్తకం మూసేసి రెండు నెలలు ముట్టుకోలేదు.

వ్యాఖ్యల్లో ఏం రాస్తారో నాకు తెలుసు. "గెస్టపో ఎక్కడ, ఉద్యోగాల కోత ఎక్కడ? ఉరికీ సెవరెన్సుకీ పోలికా?" పోలిక లేదు మహాశయా. ఒకటి చావు, ఇంకోటి మూడు నెలల జీతం ఇచ్చి పంపటం. నేనంటున్నది జరిగిన నష్టం గురించి కాదు, ఆ మనిషి తనకి తను చెప్పుకునే కథ గురించి. ఆ కథ అక్షరం తేడా లేకుండా ఒకటే. "నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు." "నేను లోపలుంటేనే కాస్తయినా మేలు." "నిర్ణయం నాది కాదు, నేను డేటా ఇచ్చాను." ఈ మూడు వాక్యాల్లో ఒక్కటైనా అనకుండా పదేళ్ళ సర్వీసు పూర్తిచేసినవాళ్ళు మనలో ఉంటే చెయ్యెత్తండి. మొహాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు, లోను ఎవరికివ్వాలో తేల్చే స్కోరు, డెలివరీ కుర్రాడు ఎన్ని సెకన్లు ఆగాడో కొలిచే యాప్, ఇవన్నీ ఎవరు రాస్తున్నారు? ఏ స్టాలిన్ రాస్తున్నాడు?

అందుకే పేకిచ్‌ని "కమ్యూనిస్టు వ్యతిరేక రచయిత" అంటే నాకు కోపం. అబద్ధమని కాదు. కమ్యూనిజం అంటే ఆయనకి పడదు, దాచుకోలేదు కూడా. కానీ ఆ మాట అనగానే మనం సుఖంగా కుర్చీలో వెనక్కి వాలతాం. పాపం ఎక్కడో యుగోస్లావియాలో, ఎప్పుడో 1948లో, ఎర్రజెండా కింద జరిగింది. మనది ప్రైవేటు లిమిటెడ్ కదా!

ఇక "టైం లేదు" సంగతి. పేకిచ్ పాతికకి పైగా నాటకాలు రాశాడు, స్టేజికీ రేడియోకీ టీవీకీ. చాలా వాటిని ముందు జర్మన్ రేడియోలు వినిపించాయి. 'స్వర్ణ ఉన్ని' అనే నవల 1978 నుంచి 1986 దాకా ఏడు సంపుటాలు. ఆర్సెనియె వంశమే, నేగొవాన్ అనే వ్యాపారుల కుటుంబం, బెల్‌గ్రేడ్ నుంచి బైజాంటియం మీదుగా గ్రీకు పురాణాల దాకా తవ్వుకుంటూ పోతుంది. అందులోంచి తీసిన 'ఉత్తర ప్రత్యుత్తరాలు' నాటకం బెల్‌గ్రేడ్ అతెల్యే 212 థియేటర్లో ఏళ్ళ తరబడి ఆడింది. 1983లో 'రేబీస్'. హీత్రూ ఎయిర్‌పోర్టులో మారిపోయిన రేబీస్ వైరస్ పుడితే, ఎయిర్‌పోర్టు మొత్తం మూసేస్తే ఏమవుతుందో థ్రిల్లర్‌లాగా రాశాడు. డల్లాస్ పోతూ హీత్రూలో ఆరుగంటలు పడుండేవాళ్ళకి దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను, కాకపోతే ఇంటికొచ్చాక చదవండి. 2020లో ఎంతోమంది ఈ పుస్తకాన్ని గుర్తుచేసుకున్నారు. దాని వెంటే '1999' అని 1984లో ఒకటి, 'అట్లాంటిస్' అని 1988లో ఒకటి, మనుషులకీ మనుషుల్లాంటి యంత్రాలకీ మధ్య గొడవ. ఏఐ గురించి రోజుకో పోస్టు పెట్టే మనవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఇదంతా లండన్‌లో కూర్చుని, సెర్బియన్లోనే. ఇరవై ఒక్క ఏళ్ళు ఇంగ్లండులో ఉండి నవలలు సొంత భాషలోనే రాశాడు. బీబీసీ సెర్బియన్ ప్రసారాల్లో 'పరాయిదేశం నుంచి ఉత్తరాలు' చదివేవాడు. మనవాడన్నట్టు తిట్టాడా? ఇంగ్లీషువాళ్ళు క్యూలో ఎలా నిలబడతారు, గడ్డి ఎలా కత్తిరిస్తారు, పార్లమెంటులో ఎలా పోట్లాడుకుంటారు అని నవ్వుతూ చెప్తూ, మధ్యలో "మరి మనం?" అని ఒక చురక. ఇంగ్లీషువాళ్ళనీ వదల్లేదు. దూరం నుంచి మాతృభూమి గురించి మాట్లాడేవాళ్ళు మనకీ కొదవ లేదు. న్యూజెర్సీలో కూర్చుని ఇక్కడ ఎవణ్ణి కాల్చెయ్యాలో చెప్పేవాళ్ళూ, గోంగూర గురించి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళూ. పేకిచ్ ఉత్తరాల్లో ఈ రెండు రోగాలూ లేవు.

చివరి మూడేళ్ళ సంగతి చెప్పి ఆపేస్తాను. ఇది ఏ బొమ్మలోనూ ఉండదు.

1989 చివర యుగోస్లావియాలో పార్టీ గుత్తాధిపత్యం కూలుతోంది. పదముగ్గురు మేధావులు కలిసి డెమొక్రాటిక్ పార్టీ పెట్టారు. తరవాత సెర్బియా ప్రధాని అయ్యి 2003లో హత్యకి గురైన జోరన్ జింజిచ్ అందులో ఒకడు, పేకిచ్ ఇంకొకడు. అరవై ఏళ్ళ వయసు, ఒంట్లో బాగాలేదు, పేరొచ్చేసింది, 1985 నుంచి సెర్బియన్ అకాడమీ సభ్యుడు, లండన్‌లో ఇల్లు. రుట్కోవ్‌స్కీ లాగా ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవచ్చు. వెళ్ళాడు. ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు, పార్టీ పత్రిక చూశాడు. ఊరేగింపుల్లో నడిచాడు. దేశమంతా జెండాలూ, పాత యుద్ధాల పాటలూ, పక్క జాతి మీద పగలూ మొదలైన రోజులవి. నాలుగు ఓట్లు రావాలంటే ఏం మాట్లాడాలో అందరికీ తెలుసు.

1991లో బెల్‌గ్రేడ్‌లో రాకొవిత్స అనే ఫ్యాక్టరీల ప్రాంతంలో ఉపఎన్నిక వచ్చింది. డెమొక్రాటిక్ పార్టీ తరఫున పేకిచ్ నిలబడ్డాడు. ఎదురుగా వొయిస్లావ్ షెషెల్, పచ్చి జాతీయోన్మాది. వొయ్‌వొదినాలో క్రొయేషియన్లని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టేలా రెచ్చగొట్టినందుకు 2018లో హేగ్ అప్పీలు కోర్టు పదేళ్ళు శిక్ష వేసింది ఇతనికే. ఇద్దరిలో ఒకరు ఆ దేశం కన్న అతిపెద్ద నవలాకారుల్లో ఒకడు, ఆ ప్రభుత్వం జైల్లోనే యవ్వనం పోగొట్టుకున్నవాడు. ఆ జైలు కథని ఓట్లుగా మార్చుకోవటం ఎంతసేపు?

షెషెల్ గెలిచాడు. ఆ నవంబరులో వుకొవార్ నేలమట్టమైంది. తరవాతి ఏప్రిల్‌లో సరయెవో ముట్టడి మొదలైంది. 1992 జూలై 2న పేకిచ్ లండన్‌లో ఊపిరితిత్తుల కాన్సర్‌తో పోయాడు. బల్ల మీద ఇంకా అచ్చుకాని కాగితాలు కట్టలకొద్దీ ఉన్నాయి, వాటిని భార్య ఏళ్ళ తరబడి సర్ది ఒక్కొక్కటే బయటికి తెచ్చింది.

మా గుంపులో ఆ బొమ్మ ఇంకా అలాగే ఉంది. కింద పదిహేడు చప్పట్ల గుర్తులు. 'పిశాచం' ఇంగ్లీషు అనువాదం నా దగ్గరుంది, కావాలన్నవాళ్ళకి కొరియర్ చేస్తానని రాశాను. నాలుగు వారాలైంది. ఒక్కడు అడిగాడు, "పీడీఎఫ్ లేదా?" అని.